లోపల ఎవరూ లేరు

"లోపల ఎవరూ లేరు. తలుపు మూస్తున్నాను."

ఈ రెండు వాక్యాలూ నేను రాసినవే. నాచారం పారిశ్రామికవాడలో ఒక కోల్డ్ స్టోరేజీ తలుపు వీటిని రోజుకు ఎన్నిసార్లు పలికేదో నాకు తెలియదు. ఒక్కసారి మాత్రం దాని ఎదురుగా నిలబడి విన్నాను. గొంతు స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు సంగతి ఎక్కడా రాయకుండా తప్పించుకుందామని చాలా రోజులు చూశాను.

నేను చాలా ఏళ్లు నాచారంలోనే ఒక బడిలో తెలుగు చెప్పాను. బడివాళ్లు తెలుగు పీరియడ్లు తగ్గించుకుంటూ వచ్చి చివరికి నన్ను కూడా తగ్గించారు. ఖాళీగా కూర్చునే మనిషిని కాను, కూర్చుంటే ఇంట్లో అందరితో తగువు పెట్టుకుంటాను. అందుకే తెలిసినవాళ్లు పోచారంలో ఒక చిన్న ఆఫీసు ఉంది, తెలుగు బాగా వచ్చినవాళ్లు కావాలట అంటే వెంటనే వెళ్లాను. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద, పూర్తికాని ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ము తింటూ, గంట ప్రయాణం.

అక్కడి పని వినడానికి చిన్నపిల్లల చదువులా ఉంటుంది. మనుషులు చోటు గురించి వాడే మాటలను యంత్రానికి అర్థమయ్యేలా నిర్వచించాలి. లోపల, బయట, మీద, పక్కన, ఎదురుగా, దగ్గర. ఒక్కో మాటకు ఒక్కో పేజీ. ఆ మాట ఎక్కడి దాకా నిజం, ఎక్కడి నుంచి అబద్ధం, మనిషి ఆ మాట అంటే యంత్రం ఏమని అనుకోవాలి, యంత్రమే ఆ మాట అనాలంటే ఏం చూసి అనాలి. మొదటి వారం నాకు నవ్వొచ్చింది. రెండో వారానికి నిద్ర పట్టలేదు. గిన్నెలో పప్పు ఉంది అంటాం, గిన్నెలో గరిటె ఉంది అని కూడా అంటాం. పప్పు మొత్తం లోపలే ఉంది, గరిటె సగం బయటే ఉంది. మనకు ఏ ఇబ్బందీ లేదు. యంత్రానికి మాత్రం ఆ గరిటె ఎక్కడుందో ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు నేనైనందుకు, నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉండేది.

మా బృందానికి పెద్ద ఒక ఇంజనీరు, గుంటూరు వైపు మనిషి, నాకన్నా బాగా చిన్నవాడు. కోల్డ్ స్టోరేజీ పని వచ్చినప్పుడు తెల్లబోర్డు మీద ఒక గుండ్రం గీశాడు. గుండ్రం మధ్యలో ఉన్నది లోపల, గీత అవతల ఉన్నది బయట. తర్వాత ఆ గీత మీదే వేలు పెట్టి అడిగాడు.

"ఈ అంచు ఎవరిది మేడం? లోపలిదా, బయటిదా? మనిషి ఎక్కడికొస్తే లోపలికి వచ్చినట్టు?"

"మా ఇళ్లలో అంచు అంటే గడప" అన్నాను.

అతనికి అది బాగా నచ్చింది. నన్ను కూర్చోబెట్టి గడప గురించి అంతా చెప్పించుకున్నాడు. గడప లోపలా కాదు, బయటా కాదని చెప్పాను. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి వస్తువు ఇచ్చిపుచ్చుకోరని, తుమ్మితే గడప దాటకుండా ఆగుతారని, కొత్త కోడలు ఇంట్లోకి వచ్చే క్షణాన్ని గడప దగ్గరే లెక్కపెడతారని చెప్పాను. నాకు తెలిసినవన్నీ చెప్పాను, ఒక్కటి తప్ప. అది దాచలేదు. నోట్లో నాలుక ఉందని ఎవరూ పనిగట్టుకుని చెప్పరు, అలా నాకు అది తోచలేదు.

నిర్వచనం నేనే రాశాను. బయట నుంచి వచ్చి గడపను తాకి అవతల దిగినవారు లోపల ఉన్నట్టు. తిరిగి గడపను తాకి ఇవతల దిగేదాకా లోపలే ఉన్నట్టు. అంత శుభ్రమైన వాక్యాలు నేను బడిలో ఉన్నన్నాళ్లూ రాయలేదు. ఇంజనీరు వాటిని అచ్చువేయించి గోడకు అంటించాడు.

ఆ కోల్డ్ స్టోరేజీలో మా వదిన పనిచేసేది. మా అన్న భార్య. మాది ఉప్పల్ పాత ఊరు. పొలాలు నా చిన్నప్పుడే ప్లాట్లయ్యాయి, మిగిలిన ఇంటి మీద రెండు అంతస్తులు వేసి అద్దెకిచ్చాం. నేను పెళ్లి వద్దనుకుని అన్న ఇంట్లోనే ఉండిపోయాను. నేను ఏడో తరగతిలో ఉండగా వదిన మా ఇంటికి వచ్చింది. ఆ ఏడాదే అమ్మ పోయింది. అప్పటి నుంచి పదో తరగతి దాకా నా జడ వేసింది ఆమే. చేతులు చురుకు, నోరు అంతకన్నా చురుకు. పిల్లలు పెద్దయ్యాక ఇంట్లో పొద్దుపోవడం లేదని నాచారంలో పనికి కుదిరింది. గడ్డకట్టిన బఠానీలు, మొక్కజొన్న గింజలు, పరోటాలు పెట్టెల్లో సర్ది ఐసు గదిలో పేర్చడం, తీయడం.

ఐసు గది తలుపు దగ్గర కొత్తగా ఒక ఇనుప పలక బిగించారు. వేలెడు ఎత్తు, మూరెడు వెడల్పు, రెండు వైపులా వాలు. బరువు పడితే దానికి తెలుస్తుంది, ఏ వైపు నుంచి పడిందో కూడా తెలుస్తుంది. వచ్చినవాళ్లను కూడుతుంది, పోయినవాళ్లను తీసేస్తుంది, లోపల ఎందరున్నారో పలుకుతుంది. లెక్క సున్నాకు వస్తే నా వాక్యాలు పలికి, దీపాలు ఆర్పి, తలుపు బిగిస్తుంది. చల్లదనం వృథా పోకూడదని ఆ ఏర్పాటు. మామూలుగా నడిచే మనిషి ఎవరూ తొక్కకుండా పోలేనంత వెడల్పుగా పలకను పెట్టించామని ఇంజనీరు చెప్పాడు. దాన్ని అందరం గడప అనే పిలిచాం. ఆ పేరు కూడా నాదే.

ఎండాకాలం, వానాకాలం అది బాగానే పనిచేసింది. ఆడవాళ్లు రబ్బరు బూట్లతో దాన్ని తొక్కుకుంటూ పోయేవాళ్లు, తొక్కుకుంటూ వచ్చేవాళ్లు. అప్పటికి అది వట్టి ఇనుము.

దసరాకు వాళ్ల యాజమాన్యం మిషన్లకు పూజ పెట్టింది. నన్నూ పిలిచారు. కంప్రెసర్లకు బంతిపూల దండలు, తోపుడు బళ్ల చక్రాల కింద నిమ్మకాయలు, గేటు ముందు పగలగొట్టిన గుమ్మడికాయ. వదిన ఇంటి నుంచి పసుపు తడిపి తెచ్చింది. ఐసు గది ముందు కూర్చుని ఆ ఇనుప పలకకు నిండుగా పసుపు రాసింది. రాసి నన్ను పిలిచింది.

"ఇగో, నువ్వు పేరు వెట్టిన గడపే కదా. బొట్లు గూడ నువ్వే వెట్టు."

పెట్టాను. ఐదు బొట్లు, వరసగా, ఒకే ఎడంతో. మధ్యలో ఒక చిన్న ముగ్గు కూడా వేశాను. అందరూ బాగుందన్నారు. చప్పట్లు కొట్టి, ఫోటో తీసుకుని, పులిహోర తిన్నాం. తిరిగి వెళ్లేటప్పుడు నేను ఆ ముగ్గు చెడకుండా కాలెత్తి దాటి గదిలోకి తొంగి చూసి, మళ్లీ కాలెత్తి దాటి వచ్చాను. ఆ రోజు అలా దాటినట్టు అప్పుడు నాకు తెలియనే లేదు. ఫోటోలో ఉంది.

ఆ రోజు నుంచి ఆ గడపను ఎవరూ తొక్కలేదు.

ఎవరూ అనుకుని మానేయలేదు. పసుపు రాసి బొట్టు పెట్టిన గడప మీద కాలు ఎలా వేస్తారు? శుక్రవారం శుక్రవారం వదిన మళ్లీ పసుపు రాసేది. వాళ్లతో పనిచేసే ఒక క్రైస్తవుల అక్క ఉంది, జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డ మనిషి. ఆమె పూజలో కూర్చోలేదు, ప్రసాదం తినలేదు. ఆమె కూడా కాలెత్తే దాటేది. తర్వాత అడిగితే, "మీరు బొట్టు వెట్టుకున్నంక నేను బూట్లతోని ఎట్ల తొక్కుతనమ్మా" అంది. చక్రాలకు మాత్రం మొహమాటం లేదు. బండి తోస్తూ వచ్చినవాళ్లనే, తోస్తూ పోయినవాళ్లనే గడప లెక్కపెట్టింది. మిగతా అందరూ దానికి లేనట్టే.

కొన్ని వారాల తర్వాత అన్నాలు తింటుండగా వదిన నవ్వుతూ చెప్పింది.

"మీ మిషన్‌కు నేను కండ్లవడ్తలేనే. లోపట ముగ్గురముంటే ఒక్కరున్నరు అంటది."

"నువ్వు అంత సన్నగున్నవు వదినా. జర ఎక్కువ తిను" అన్నాను.

అన్న కూడా నవ్వాడు. మరునాడు నేను ఇంజనీరుకు చెప్పాను. అతను తీవ్రంగానే తీసుకున్నాడు. సన్నటివాళ్ల బరువు పలకకు తెలియడం లేదేమో అని ఆ కొలత తగ్గించాడు. మా ఇద్దరికీ పని చేశామన్న తృప్తి కలిగింది. గది దగ్గరకు వెళ్లి ఒక పూట నిలబడి చూస్తే సరిపోయేది. పోచారం నుంచి నాచారం ఏమంత దూరం? మాటలకు అర్థాలు రాసేవాళ్లం కదా, చూడాల్సిన అవసరం మాకేముంది.

ఇంకా కొన్నాళ్లకు ఇంజనీరు ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. మిషన్ అప్పుడప్పుడు సున్నా కన్నా తక్కువ లెక్క చూపిస్తోంది. మైనస్ ఒకటి, మైనస్ రెండు. దానికి చెప్పడానికి వాక్యం లేదు కాబట్టి మౌనంగా ఉండిపోతోంది, తలుపు తెరిచే ఉంటోంది.

"అలా వస్తే ఏమనాలి మేడం?"

నేను 'దగ్గర' అనే మాటతో కుస్తీ పడుతున్నాను. ఉదయం నుంచి చిరాకుగా ఉంది.

"సున్నా కన్నా తక్కువ మనుషులు ఎక్కడైనా ఉంటారా? ఎవరూ లేరనే చెప్పించండి" అన్నాను.

అతను సరేనని వెళ్లిపోయాడు. మైనస్ రెండు అంటే ఏమిటో నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. వచ్చినట్టు తెలియని ఇద్దరు మనుషులు బయటికి వెళ్లారని దాని అర్థం. అంటే వచ్చినట్టు తెలియని వాళ్లు ఇంకా లోపల ఉండొచ్చు. మూడో తరగతి లెక్క. యంత్రం అయోమయంలో పడి నోరు మూసుకుని తలుపు తెరిచి ఉంచేది. దానికి నేను మాట నేర్పి తలుపు మూయించాను.

చలి మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మిషన్‌కు కొత్తగా పెట్టిన గొంతు ఎలా వినిపిస్తోందో చూడటానికి ఇంజనీరు, నేను అక్కడికి వెళ్లాం. వదినతో కలిసి తిందామని నేను డబ్బా తెచ్చుకున్నాను. భోజనాల గంట కొట్టారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. మా ఇద్దరి కళ్లూ తలుపు పైన గొంతు పలికే పెట్టె మీదే ఉన్నాయి, ఎవరి మొహాలూ కాళ్లూ చూడలేదు. చివరగా ఒకామె ఖాళీ బండి తోసుకుంటూ గడప మీదుగా వచ్చింది. తలుపు దానంతట అది దగ్గరకు జరిగింది.

"లోపల ఎవరూ లేరు. తలుపు మూస్తున్నాను."

ఆ గొంతు ఫ్యాన్ల హోరులో కూడా మాట మాట విడివిడిగా వినిపించింది. 'లేరు' దగ్గర చిన్న విరామం. బాగుందన్నాను. ఇంజనీరు ఫోనులో రాసుకున్నాడు. చిన్న కిటికీ అద్దంలో దీపం ఆరిపోయింది. గొళ్లెం పడిన చప్పుడైంది.

తలుపు పక్కన గోడవారగా చెప్పులు ఉన్నాయి. ఆడవాళ్లు అక్కడ చెప్పులు విప్పి రబ్బరు బూట్లు వేసుకుంటారు, బయటికి వచ్చాక బూట్లు విప్పి చెప్పులు తొడుక్కుంటారు. అప్పుడు అక్కడ ఒక్క జత ఉంది. నీలం పట్టీలు, ఎడమదానికి తెగిన చోట నల్లదారంతో కుట్టు. ఆ కుట్టు నేను వేసిందే, అంతకుముందు ఆదివారం. నేను వాటిని చూశాను. చూసి, వదిన బూట్లతోనే అన్నానికి పోయినట్టుంది, ఈమెకు తొందరెక్కువ అనుకున్నాను.

ఇది నన్ను తినేసే చోటు. మన దగ్గర ఏ ఇంటికి పోయినా గుమ్మం ముందు చెప్పులు చూసి లోపల ఎంతమంది ఉన్నారో, అందులో చుట్టాలెవరో, పిల్లలెందరో చెప్పేస్తాం. దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నా కళ్ల ముందు చెప్పులు ఒకటి చెప్తున్నాయి, నా వాక్యం ఇంకొకటి చెప్తోంది. నేను నా వాక్యాన్ని నమ్మాను.

ఇంజనీరుతో మేనేజరు గదిలో కూర్చుని టీ తాగాను. 'ఉంది' అనాలా 'ఉన్నారు' అనాలా అని ఏదో చర్చించాం. చాలాసేపు. తర్వాత డబ్బా తీసుకుని భోజనాల గదికి వెళితే అందరూ తిని చేతులు కడుక్కుంటున్నారు. క్రైస్తవుల అక్క వదిన డబ్బాను ముందు పెట్టుకుని కూర్చుంది. మూత తీయలేదు.

"మీ వదినేదమ్మా? నీతోని ఉన్నదనుకున్న."

చెప్పులు గుర్తొచ్చాయి. పరిగెత్తాను. నేను పరిగెత్తడం చూసి ఆమెకు కూడా అర్థమైంది. నా వెనక ఆమె బూట్ల చప్పుడు వినిపించింది.

తలుపు తీయమంటే మిషన్ సూపర్‌వైజరు వేలిముద్ర అడిగింది. సూపర్‌వైజరు గేటు అవతల టీ బండి దగ్గర ఉన్నాడు. అతను వచ్చేదాకా నేను తలుపు మీద అరచేతులతో కొట్టాను. లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. దళసరి తలుపు, ఫ్యాన్ల హోరు, అందుకే వినిపించడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. వేలు పెట్టగానే ఆ గొంతు మళ్లీ పలికింది. "లోపల ఎవరూ లేరు. తలుపు తెరుస్తున్నాను." ఆ రెండో వాక్యం కూడా నాదే.

వదిన తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపల నుంచి తెరుచుకునే పిడి ఒకటి ఉంది. దాని ముందు ఆ వారం పెట్టెలు పేర్చేశారు. చీకట్లో తడుముకోవడానికి ఆమె చేతి తొడుగులు తీసేసింది. పెట్టెలు కొన్ని లాగింది, ఇనుము పట్టుకుని గుంజింది, తలుపు బాదింది. కుడి చేతి వేళ్లు తెల్లగా, మైనం ముక్కల్లా ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసింది. ఆమె ఏమీ అనకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

దవాఖానాలో పన్నెండు రోజులు ఉంచారు. కుడి చేతి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు మొదటి కణుపుల దాకా తీసేశారు. ప్రాణం దక్కింది, ఇంకేం కావాలి అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నేను తల ఊపాను.

ఆఫీసులో కారణాలు రాశారు. సిబ్బంది గడపను సూచించిన విధంగా ఉపయోగించలేదు, అని మొదటి కారణం. సున్నా కన్నా తక్కువ గురించి నేనన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఇంజనీరు నన్ను కాపాడటానికి వదిలేశాడో, తనను కాపాడుకోవడానికో నాకు తెలియదు, అడగలేదు. తలుపు పక్కన తగిలించడానికి ఒక బోర్డు రాసిమ్మన్నారు. రాశాను. "దయచేసి గడప మీద కాలు పెట్టి లోపలికి వెళ్లండి." నేను ఆ ఆఫీసుకు రాసిన ఆఖరి వాక్యం అది. మరునాటి నుంచి పోలేదు. ఆ బోర్డు ఇంకా ఉందట. దాని కింద గడపను ఇప్పటికీ అందరూ దాటే పోతారట.

ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం వదినకు అంతా చెప్పాను. మైనస్ రెండు సంగతి, నేను చిరాకుపడి అన్న మాట, దాంతో తలుపు మూసుకోవడం నేర్చుకున్న సంగతి. ఆమెకు మైనస్‌లు పట్టలేదు. ఆమె అడిగింది వేరు.

"తలుపు వడ్డప్పుడు నువ్వు బయటనే నిలవడ్డవా?"

"నిలవడ్డ."

"నా చెప్పులు సూసినవా?"

"సూసిన వదినా."

ఆమె కట్టు ఉన్న చేతిని ఒళ్లోకి తీసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను తిట్టడం ఆమెకు బాగా వచ్చు. తర్వాత లేచి లోపలికి పోయింది.

ఇప్పుడు శుక్రవారం మా ఇంటి గడపకు పసుపు నేనే రాస్తున్నాను. ఆ వేళ్లతో ఆమెకు కుదరడం లేదు. ఈ ఇంట్లో గడప మీద కాలు పెట్టినందుకు తన పిల్లలను కొట్టిన మనిషి, అద్దెకున్నవాళ్ల పిల్లలను కూడా వదిలిపెట్టని మనిషి, ఇప్పుడు బయట నుంచి వస్తే ఆ పచ్చటి పసుపు మీద కాలు పెడుతుంది. రెండు కాళ్లూ పెట్టి నిలబడుతుంది. ఆమె అక్కడి నుంచి నన్ను చూస్తూ ఉంటుంది. నేను చేస్తున్న పని ఆపి, తలెత్తి, ఆమెను చూసి, "వచ్చినవా వదినా" అనాలి. అన్నాకే దిగి లోపలికి వస్తుంది.